చిత్రిస్తూ నేర్చిన విద్య: పమేలా కోల్‌మన్ స్మిత్ జీవితం

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలోని ఉర్సులకు, జాతరలకు చిన్ననాట వెళ్ళివచ్చిన పెద్దలకు చిలుక జోస్యం సుపరిచితం. చెట్టునీడన గుడ్డ పరచి, బొమ్మల అట్టలను వరుసగా పేర్చి, జోస్యుడు పంజరం తలుపు తీసేవాడు. చిలుక అడుగులు వేసుకుంటూ వచ్చి ఒక అట్టను ముక్కుతో లాగి యజమాని చేతికిచ్చేది. అతడు ఆ బొమ్మను చూసి, ఎదుట కూర్చున్నవాని ముఖాన్ని చూసి, రెంటినీ కలిపి ఒక కథ చెప్పేవాడు. చిలుకలను బంధించరాదన్న చట్టం వచ్చిన తరువాత ఆ దృశ్యం అరుదైపోయింది. అక్షరం రానివాడు సైతం బొమ్మను చదవగలడన్న సత్యం మాత్రం ఆ అట్టలలో ఉన్నది. ఉర్దూ ఇళ్ళలో ఇదే పనిని ఫాల్ అంటారు. అందుకు కొందరు హాఫిజ్ దీవాన్ తెరచి చూసేవారు. బొమ్మలతో కూడిన ఫాల్‌నామా ఒకటి 17వ శతాబ్దపు తొలి దశకాలలో గోలకొండలో తయారైంది. పెద్ద పుటపై ఒక చిత్రం, ఎదురుపుటలో దాని ఫలం. నల్లగొండ, పానగల్లు, దేవరకొండ కోటలు ఆనాడు ఆ గోలకొండ ఏలుబడిలోనివే.

ఇటువంటి బొమ్మలు భవిష్యత్తును చెప్పగలవా అని అడిగితే, చెప్పలేవనే నా సమాధానం. అయితే ఈ వ్యాసానికి విషయం జోస్యం కాదు. ఫలం చెప్పినవానికి పైకం దక్కుతుంది, అచ్చువేసినవానికి పేరు దక్కుతుంది, బొమ్మను గీసిన చేయి ఎవరిదని అడిగేవారు తక్కువ. నేడు ప్రపంచంలో అత్యధిక ప్రచారంలో ఉన్న జోస్యపు పేకను గీసిన పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి కథ ఇది. ఆమె ఆ విద్యను గ్రంథాలు చదివి కాక, తన చేతితో గీసి నేర్చింది.

కథలోనికి పోయే ముందు పేక ప్రయాణాన్ని గురించి కొంచెం చెప్పుకోవాలి. పేక ఐరోపావారి సొంత సొత్తు కాదు. 14వ శతాబ్దపు చివరి భాగంలో అది మమ్లూకుల ఏలుబడిలోని ఈజిప్టు ప్రాంతం నుండి మధ్యధరా సముద్రం దాటి ఇటలీ, స్పెయిన్ దేశాలకు చేరిందని చరిత్రకారుల అభిప్రాయం. మమ్లూకుల పేకలో నాణేలు, పాత్రలు, ఖడ్గాలు, చౌగాన్ కర్రలు అని నాలుగు రంగులుండేవి. అటువంటి పేక ఒకటి ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ ప్రాసాదంలో భద్రంగా ఉన్నది. చౌగాన్ ఆట ఎరుగని ఐరోపావారి చేతిలో ఆ వంకర కర్ర వట్టి దుడ్డుకర్రగా మారిపోయింది. స్పానిష్ భాషలో పేకకున్న నైపెస్ అన్న పేరు నాయిబ్ అనే అరబీ పదం నుండి వచ్చిందని పండితులు పలువురు అంగీకరిస్తారు. నిజాం కాలపు కచేరీలలో నాయిబ్ తహసీల్దారును ఎరిగినవారికి ఆ నాయిబును పరిచయం చేయనక్కరలేదు. మనవారు ఆడే ఇస్పేటు సైతం ఇటాలియన్‌లో ఖడ్గమని అర్థమిచ్చే మాటకు సంతానమే. తూర్పు దిక్కున పేక మరొక దారి పట్టింది. పారశీక దేశపు గంజీఫాను బాబరు 1527లో సింధు పాలకునికి కానుకగా పంపాడు. తరువాతి కాలంలో మన నిర్మల నకాషీలు గుండ్రని గంజీఫా ముక్కలపై దశావతారాలను చిత్రించారు.

ఇటలీలో 15వ శతాబ్దంలో నాలుగు రంగుల పేకకు 22 ప్రత్యేక బొమ్మలు చేర్చి 78 ముక్కల ఆట ఒకటి కల్పించారు. దానికే టారో అని పేరు. మూడు వందల ఏళ్ళకు పైగా అది కేవలం ఆట. 1781లో కోర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి పండితుడు అందులో ప్రాచీన ఈజిప్టు జ్ఞానం దాగి ఉన్నదని రాశాడు. ఆ మాటకు ఆధారమేమీ లేదు, అయినా జోస్యులకు అదే చాలింది. వారికి ఒక చిక్కు మాత్రం మిగిలింది. 22 ప్రత్యేక ముక్కలకు, రాజు రాణి వంటి 16 ముక్కలకు బొమ్మలున్నవి. మిగిలిన 40 అంకెల ముక్కలపై సాధారణంగా గుర్తులే తప్ప బొమ్మ లేదు. అయిదు పాత్రలంటే అయిదు పాత్రలే. వాటి ఫలాలను ఎక్కాల వలె కంఠస్థం చేయవలసిందే. ఈ 40 ముక్కలకు ప్రాణం పోసినదే పమేలా.

ఆమె 1878 ఫిబ్రవరి 16న లండన్‌లోని పిమ్లికోలో జన్మించింది. తల్లిదండ్రులు అమెరికావారు. తల్లి వైపు వారికి చిత్రలేఖనంతోను, పుస్తకాలతోను సంబంధం ఉన్నది. తండ్రి చార్లెస్ ఎడ్వర్డ్ స్మిత్ వ్యాపార ఉద్యోగి. బాల్యం కొంత మాంచెస్టరులో గడిచింది. 1889లో తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం జమైకా ద్వీపానికి తరలింది. అక్కడి నల్లజాతి ప్రజల నోట అనాన్సీ కథలు విన్నది. అనాన్సీ అంటే సాలెపురుగు. పశ్చిమ ఆఫ్రికా నుండి బానిసలుగా కొనితేబడినవారు తమ వెంట తెచ్చుకోగలిగిన ఆస్తి ఆ కథలే. వాటిలో అల్పప్రాణి తన యుక్తితో పులిని సైతం లొంగదీస్తుంది. ఆ పిల్ల ఆ కథలను, అవి చెప్పే యాసను, చెప్పేవారి చేతుల కదలికలను కూడా నేర్చుకున్నది.

పదిహేనవ ఏట, 1893లో, న్యూయార్కు నగరపు బ్రూక్లిన్‌లోని ప్రాట్ విద్యాసంస్థలో చేరింది. అక్కడ ఆర్థర్ వెస్లీ డౌ అనే ఆచార్యుడు జపాను అచ్చుచిత్రాల ఆదర్శంతో బోధించేవాడు. గీత శుద్ధంగా ఉండాలి, రంగు నీడలు లేక సమంగా పరచుకోవాలి, ఖాళీ స్థలం కూడా చిత్రంలో భాగమే. ఈ పాఠం ఆమె చేతిలో జీవితాంతం నిలిచింది. 1896లో తల్లి మరణించింది. మరుసటి ఏడాది పమేలా పట్టా పుచ్చుకోకుండానే విద్య ముగించింది. 1899లో తన అనాన్సీ కథలను బొమ్మలతో సహా పుస్తకంగా ప్రకటించింది. అదే ఏట తండ్రి కూడా పోయాడు. ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో ఆమె ఒంటరిది.

అదృష్టవశాత్తు నాటకం ఆమెను ఆదుకున్నది. లండన్ లైసియం నాటకశాలకు చెందిన హెన్రీ ఇర్వింగ్, ఎలెన్ టెర్రీ అనే మహానటులు ఆమెను తమ బృందంలో చేర్చుకున్నారు. ఆ నాటకశాల నిర్వాహకుడు బ్రామ్ స్టోకర్, డ్రాకులా నవలాకర్త. ఎలెన్ టెర్రీ ఆమెకు పిక్సీ అని ముద్దుపేరు పెట్టింది. పమేలా నటులతో ఊరూరా తిరిగింది, దుస్తులు, తెరలు రూపొందించింది, అట్టబొమ్మలతో చిన్న నాటకశాల కట్టి ఆడించింది. సాయంకాలం విందులలో నేలపై కూర్చుండి, రంగురంగుల వస్త్రాలు ధరించి, జమైకా యాసలో కథలు చెప్పేది. మన తెలంగాణ పల్లెలలో చేర్యాల నకాషీ పటాన్ని నిలువుగా వేలాడదీసి, ఒక్కొక్క బొమ్మను పుల్లతో చూపుతూ పాడే కథకుని నేను తలచుకోకుండా ఉండలేను. అక్కడా ఇక్కడా పద్ధతి ఒకటే. బొమ్మ మౌనంగా ఉంటుంది, మనిషి దానికి నోరు ఇస్తాడు.

లండన్‌లో ఆమె ఐరిష్ కవి విలియం బట్లర్ యేట్స్‌కు, ఆయన సోదరుడు, చిత్రకారుడు జాక్ యేట్స్‌కు మిత్రురాలైంది. 1903–04లలో గ్రీన్ షీఫ్ అనే పత్రికను స్వయంగా నడిపింది. బొమ్మలకు రంగులు చేతితోనే వేసేవారు. 13 సంచికలు వెలువడి ఆగిపోయింది. డబ్బు విషయంలో ఆమెకు ఏనాడూ నేర్పు లేదు. యేట్స్ పరిచయం వల్లనే 1901లో గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘంలో చేరింది.

ఆ సంఘంలో ఒక ఆచారం మన విషయానికి ముఖ్యమైనది. పై అంతస్తుకు చేరిన సభ్యులు సంఘపు టారో ముక్కలను తమ చేతితో తాము నకలు చేసుకోవాలి. కొన్నది పనికిరాదు. 78 బొమ్మలనూ గీసి, రంగు నింపితేనే ఆ ముక్కలు తనవి. మదరసాలలో తఖ్తీ పైన ఉస్తాదు రాసిన వరుస కింద శిష్యుడు మష్క్ చేసేవాడు కదా, ఇసుకలో పిల్లవాడు ఓనమాలు దిద్దేవాడు కదా, ఇదీ అటువంటిదే. కన్ను వదిలేసినదానిని చేయి వదలదు. గీసేవాడు ఆ ఖడ్గం ఎటు వంగిందో, ఆ మనిషి చూపు ఎటు ఉన్నదో నిర్ణయించక తప్పదు. పమేలా ఆ పై అంతస్తుకు చేరనే లేదు. కనుక దిద్దవలసిన ఆ రహస్య నమూనా ఆమె చేతికి వచ్చి ఉండదు. ఆమె దిద్దలేదు, గీసింది.

ఈలోగా 1907 జనవరిలో ఆమెకు గొప్ప గౌరవం లభించింది. న్యూయార్కులో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ ఛాయాచిత్రాల కోసం స్థాపించిన ప్రదర్శనశాలలో ఛాయాచిత్రాలు కాని కృతులను ప్రదర్శించడం ఆమె చిత్రాలతోనే మొదలైంది. మాటిస్, పికాసోల చిత్రాలు ఆ గోడలకెక్కింది అటుపిమ్మటనే. సంగీతం వింటూ, మనసులో మెదిలిన దృశ్యాన్ని వెంటనే కాగితంపై పెట్టడం ఆమె ప్రత్యేకత. బీథోవెన్, డెబుస్సీ స్వరాలకు ఆమె బొమ్మలు కట్టింది. 1908లో ఒక అమెరికను పత్రికలో చిత్రకళా విద్యార్థులకు సలహాగా ఒక వ్యాసం రాసింది. జనాన్ని గమనించాలని, ముఖాలలోను, అంగవిన్యాసంలోను భావాన్ని పట్టుకోవాలని, నాటకశాలను బడిగా భావించాలని అందులోని సారాంశం. మరుసటి ఏడాది ఆమెకు అందిన పనికి అది ముందుగానే రాసుకున్న ప్రణాళికలా కనిపిస్తుంది.

సంఘంలోని పండితుడు ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ కొత్త టారో పేక ఒకటి తయారు చేయించాలనుకొని పమేలాను కోరాడు. 1909 ఏప్రిల్ నుండి అక్టోబరు దాకా, సుమారు ఆరు నెలలలో, ఆమె సుమారు 80 చిత్రాలు పూర్తిచేసింది. 22 ప్రధాన ముక్కల విషయంలో వెయిట్ శ్రద్ధగా సూచనలిచ్చాడు. తాను దగ్గర ఉండి నడిపించవలసి వచ్చిందని తరువాత స్వీయచరిత్రలో కొంత గొప్పగానే చెప్పుకున్నాడు. అంకెల ముక్కలపై ఆయనకు అంతటి ఆసక్తి లేదని పరిశోధకుల అభిప్రాయం. క్లుప్తమైన ఫలాల పట్టిక మించి ఆమె చేతిలో మరేమీ ఉన్నట్టు తోచదు. 15వ శతాబ్దం చివర ఇటలీలో తయారైన సోలా బుస్కా అనే పేక ఒక్కటి ఆమెకు దారి చూపింది. దాని అంకెల ముక్కలపై కూడా బొమ్మలున్నవి. వాటి ఛాయాచిత్రాలు 1907లో బ్రిటిష్ మ్యూజియానికి చేరినవి. మూడు ఖడ్గాలు గుచ్చుకున్న హృదయం, పది కర్రల మోపు కింద వంగిపోయిన మనిషి అక్కడివేనని పోల్చి చూసినవారికి తెలుస్తుంది. తక్కిన బొమ్మలలో అత్యధికం ఆమె సొంత కల్పన.

అయిదు పాత్రల ముక్కను తీసుకుందాం. పాత పేకలో అయిదు గిన్నెలు, అంతే. దాని ఫలం నష్టం, అయితే సర్వనష్టం కాదు. పమేలా ఏమి చేసింది? నల్లని అంగీ కప్పుకొని, తల వంచి నిలుచున్న ఒక మనిషిని గీసింది. అతని ముందు మూడు పాత్రలు ఒలికి పడి ఉన్నవి. వెనుక రెండు నిండుగా నిలిచి ఉన్నవి, అతడు వాటి వైపు తిరగలేదు. దూరంగా ఒక ఏరు, దానిపై వంతెన, అవతలి ఒడ్డున ఒక కట్టడం. ఒక్క మాట లేకుండా చూపరి గ్రహిస్తాడు. ఇట్టి చిత్రాన్ని కల్పించాలంటే నష్టమంటే ఏమిటో, దుఃఖించేవాడు ఎటు చూస్తాడో గీసే మనిషికి తెలిసి ఉండాలి. లేదా గీస్తూ ఉండగానే తెలియాలి. ఇరవై ఒక్క ఏట తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న ఆమెకు ఆ చూపు కొత్త కాదేమో.

ఆరు ఖడ్గాల ముక్కలో ఒక పడవ. అందులో ముసుగు కప్పుకొని ముడుచుకు కూర్చున్న ఒక స్త్రీ, పక్కన ఒక బిడ్డ, వెనుక గడ వేసే మనిషి. ఖడ్గాలు పడవలోనే నిలువుగా గుచ్చి ఉన్నవి. రేవు విడిచినా బరువు విడువలేదు. అయిదు నాణేల ముక్కలో మంచు కురిసే రాత్రి ఇద్దరు నిరుపేదలు దీపకాంతితో వెలిగే ప్రార్థనాలయపు కిటికీ పక్క నుండి సాగిపోతుంటారు. ఎనిమిది నాణేల ముక్క నాకు అన్నింటికన్న ఇష్టమైనది. ఒక పనివాడు బల్లపై కూర్చుండి ఉలితో, సుత్తితో నాణెంపై నగిషీ చెక్కుతున్నాడు. పూర్తయినవి పక్కన వేలాడుతున్నవి. ఊరు దూరంగా ఉన్నది, అతడు తల ఎత్తడు. ఆరు నెలల పాటు బల్లకు అతుక్కుపోయి బొమ్మ వెంట బొమ్మ గీసిన ఆ పనిమంతురాలి నిజమైన రూపం అదేనని నాకనిపిస్తుంది. పరిశోధకులు మరొక విశేషం కూడా గుర్తించారు. కొన్ని ముక్కలలో మనుషులు నేలపై గాక రంగస్థలపు అరుగు మీద ఉన్నట్లు, వెనుక దృశ్యం చిత్రించిన తెర అన్నట్లు ఉంటుంది. లైసియం నాటకశాల పేకలోనికి దిగి వచ్చిందన్నమాట.

పేక 1909 డిసెంబరులో లండన్‌లో విలియం రైడర్ అండ్ సన్ సంస్థ ద్వారా వెలువడింది. ఆ నవంబరులోనే పమేలా స్టీగ్లిట్జ్‌కు ఉత్తరం రాస్తూ, తాను చాలా పెద్ద పని ముగించానని, దానికి దక్కిన సొమ్ము మాత్రం అత్యల్పమని తెలియజేసింది. పని చేసినందుకు ఒకసారి ఇచ్చిన కూలి తప్ప అమ్మకాలపై ఆమెకు వాటా లేదు. లోకంలో ఆ పేకకు స్థిరపడిన పేరు రైడర్–వెయిట్. అచ్చువేసినవాడు ఒకడు, వేయించినవాడు ఒకడు. గీసిన మనిషి పేరు అందులో లేదు. నిర్మల గంజీఫా మీద గాని, చేర్యాల పటం మీద గాని నకాషీ పేరు వెదికితే మనకు దొరికేదీ సాధారణంగా ఇటువంటి శూన్యమే. పమేలా ఒక ఉపాయం చేసింది. తన పేరులోని తొలి అక్షరాలను పాము మెలికలా పెనవేసి, ప్రతి ముక్క మూలన చిన్న గుర్తుగా గీసింది. గడ్డిలోనో, రాళ్ళ మధ్యనో కలిసిపోయే ఆ గుర్తును వెదికితే తప్ప చూడలేము.

తరువాతి జీవితం త్వరగా చెప్పదగినది. స్త్రీల ఓటుహక్కు ఉద్యమానికి ప్రచార చిత్రాలు గీసింది. 1911లో స్టోకర్ చివరి నవలకు బొమ్మలు వేసింది. ఆ ఏడే రోమన్ కాథలిక్ మతం స్వీకరించి రహస్య సంఘాల నుండి మరలిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధానంతరం బంధువు వల్ల సంక్రమించిన సొమ్ముతో కార్న్‌వాల్ సముద్రతీరాన లిజర్డ్ అనే చోట ఇల్లు తీసుకొని, మతాచార్యులకు విడిదిగా నడిపింది. ఆదాయం చాలలేదు. ఆమె చిత్రాలను అడిగేవారూ తగ్గిపోయారు. కొత్త కళారీతుల హోరులో పాత మిత్రులు చెదిరిపోయారు. 1951 సెప్టెంబరు 18న బ్యూడ్ పట్టణంలో ఆమె మరణించింది. అప్పులు తీర్చడానికి ఆమె వస్తువులను, చిత్రాలను వేలం వేశారు.

ఇక్కడ మరొక స్త్రీని తలచుకోవాలి. పమేలా కన్న కొద్ది నెలల ముందు పుట్టిన లేడీ ఫ్రీడా హారిస్, అలిస్టర్ క్రౌలీ కోసం 1938 నుండి 1943 దాకా మరొక టారో పేకను చిత్రించింది. కొద్ది నెలల పని అనుకున్నది అయిదేళ్ళు పట్టింది. నచ్చని ముక్కను మళ్ళీ మళ్ళీ గీస్తూ ఆమె కూడా ఆ విద్యను కుంచెతోనే నేర్చింది. భర్త మరణానంతరం మన దేశానికి వచ్చి, 1962లో కాశ్మీరులోని శ్రీనగరులో కన్నుమూసింది. ఆమె బొమ్మలు పేకగా అచ్చయింది ఆ తరువాతనే.

పమేలా పేక 1971 నుండి అమెరికాలో విస్తారంగా అచ్చయి దేశదేశాలకు పాకింది. తరువాత వచ్చిన వందలాది టారో పేకలు ఆమె కల్పనలనే అనుసరించినవి. నేడు టారో నేర్చుకోదలచిన అనేకులు తమ పేకను తామే గీసుకోవడం ఒక సాధనగా చేస్తున్నారు. వారు నల్లని అంగీ మనిషిని గీసినా, మార్చినా, ఆమెతో మాట్లాడకుండా గీయలేరు. ఇటీవలి సంవత్సరాలలో పేక పేరులో స్మిత్ అన్న మాట చేర్చి రైడర్–వెయిట్–స్మిత్ అనడం అలవాటవుతున్నది. 2018లో ఆమె జీవితంపై బృహద్గ్రంథం ఒకటి వెలువడింది. మరణించిన 70 ఏళ్ళ వరకు కర్తృత్వ హక్కునిచ్చే బ్రిటిష్ చట్టం ప్రకారం ఆ బొమ్మలపై హక్కు 2021తో ముగిసింది. అంతకాలమూ దాని వల్ల ఆమెకు గాని, ఆమె వారికి గాని చేరినది ఏమీ లేదు. పట్టా ఇవ్వకుండా పంపిన ప్రాట్ విద్యాసంస్థ 2019లో ఆమె కృతులతో ప్రదర్శన ఏర్పాటు చేసింది. బ్యూడ్‌లో ఆమె సమాధి ఏదో గుర్తించడానికి పైన రాయి లేదు.